రోజూ నడుస్తున్నా షుగర్ ఎందుకు పెరుగుతోంది?

పేరూ ఊరూ రాయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం పంపారు. ఆమెకు 54 ఏళ్లు, ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఇంట్లో 82 ఏళ్ల అత్తగారిని చూసుకోవాలి. ఫైబ్రాయిడ్ల (గర్భసంచిలో గడ్డల) వల్ల రక్తస్రావం ఎక్కువై 41వ ఏట గర్భసంచి తీసేశారు. 48 దాటాక ఒంట్లోంచి వేడి ఆవిర్లు, రాత్రుళ్లు చెమటలు మొదలయ్యాయి. రెండు మూడు నెలల షుగర్ సగటుని చెప్పే హెచ్‌బీఏ1సీ రెండేళ్ల కిందట 6.3 ఉండేది. అది 6.9 అయింది, మొన్న 7.4 వచ్చింది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. రెండు పూటలా వేసుకుంటున్నారు. రెండు నెలల కిందట డాక్టర్ గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. కూడా కలిపారు.

ఏడాదిగా ఆమె ఉదయం ఐదుంపావుకి ఇరుగుపొరుగుతో కలిసి 45 నిమిషాలు నడుస్తున్నారు. "ఒకరోజు నడవకముందు 131 ఉంది, నడిచొచ్చాక 148 చూపించింది. నడిస్తే పెరుగుతుందా?" అని అడిగారు. బరువు రెండు కిలోలే పెరిగినా పాత జాకెట్లు, లంగా బొందులు నడుం దగ్గర పట్టడం లేదట. మెట్లు దిగితే కుడి మోకాలు నొప్పి. తుమ్మినా, గబగబా నడిచినా మూత్రం చుక్కలుగా జారుతోందని, ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదని రాశారు. రెండుసార్లు ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో బస్సులో ఉండగా చెమటలు పట్టి గుండె దడదడలాడిందట. అమ్మాయేమో జిమ్‌లో చేర్పిస్తానంటోంది. భర్త "గర్భసంచి తీసినవాళ్లు బిందె కూడా ఎత్తకూడదన్నారు కదా, ఇప్పుడు బరువులా?" అంటున్నారు. ఆమె ప్రశ్న ఇది: నడక గంటన్నరకి పెంచాలా, జిమ్‌కి వెళ్లాలా, ఇవన్నీ మానేసి మాత్రలతో సరిపెట్టుకోవాలా?

జవాబు

వ్యాయామం సంగతి తర్వాత. ముందు ఆ బస్సులో చెమటల గురించి మాట్లాడుకుందాం, అది ఆగే విషయం కాదు.

నడక నుంచి వచ్చి ఆరున్నరకి కాఫీతో గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నానని, టిఫిన్ మాత్రం ఆఫీసుకి చేరాక తొమ్మిదింపావుకి తింటున్నానని రాశారు. ఆ మాత్ర క్లోమగ్రంథిని ఇన్సులిన్ వదలమని తరుముతుంది. కడుపులో తిండి ఉందా లేదా అన్నది దానికి పట్టదు. అందుకే దాన్ని పొద్దున మొదటి భోజనానికి సరిగ్గా ముందు గానీ, దాంతోపాటు గానీ వేసుకోవాలి. వేసుకున్న రెండు మూడు గంటలకి దాని ప్రభావం బాగా ఎక్కువగా ఉంటుంది. మీరు 45 నిమిషాలు నడిచి, మాత్ర వేసుకుని, రెండు గంటల ముప్పావు ఏమీ తినకుండా ఉంటున్నారు. ఎనిమిదిన్నరకి షుగర్ పడిపోవడానికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి.

అలాగని అవి కచ్చితంగా లో షుగర్ లక్షణాలేనని ఉత్తరం చూసి చెప్పలేం. మెనోపాజ్ (నెలసరి ఆగిపోయే దశ) ఆవిర్లలో కూడా చెమట, దడ ఉంటాయి. ఆవిరి అయితే వేడి ఛాతీ నుంచి మెడకి, ముఖానికి పాకుతుంది, కొద్ది నిమిషాల్లో దానంతటదే సర్దుకుంటుంది. షుగర్ పడిపోతే చల్లని చెమట, చేతుల వణుకు, ఆకలి, మాట తడబాటు ఉంటాయి, ఏదైనా తింటే గానీ తగ్గవు. రెంటికీ తేడా తేల్చేది గ్లూకోమీటరే, కాబట్టి దాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి. 70 కన్నా తక్కువ చూపిస్తే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి గానీ, మూడు చెంచాల పంచదార గానీ నీళ్లలో కలుపుకుని తాగండి. 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. బిస్కెట్లు, చాక్లెట్ వద్దు. వాటిలో ఉండే కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. పరీక్షించే వీలు లేకపోతే లో షుగరే అనుకుని ముందు చక్కెర నీళ్లు తాగేయండి. ఈ వారంలోనే మీ డాక్టరుకి రెండు విషయాలు చెప్పండి: మాత్ర ఏ వేళకి వేసుకుంటున్నారో, వ్యాయామం పెంచబోతున్నారని. ఆయన మోతాదు తగ్గించవచ్చు, వేళ మార్చవచ్చు, వేరే మాత్ర ఇవ్వవచ్చు. మీ అంతట మీరు మానేస్తే మాత్రం ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తెలియకుండా పోతుంది.

ఇక 131, 148 సంగతి. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి, ఒళ్లు మేల్కోవడానికి కాలేయం తనలో దాచుకున్న గ్లూకోజ్‌ని రక్తంలోకి వదులుతుంది. పరగడుపున నడిస్తే కండలకి ఇంధనం కోసం ఇంకొంచెం వదులుతుంది. కండలు వాడుకునేదాని కన్నా కాలేయం వదిలింది ఎక్కువైతే అంకె పెరుగుతుంది. మరో సంగతి కూడా ఉంది. షుగర్ 100 దాటినప్పుడు మంచి గ్లూకోమీటరైనా 15 శాతం వరకు అటూ ఇటూ చూపించవచ్చు. 131కి 15 శాతం అంటే దాదాపు 20. మీరు చూసిన తేడా 17. పైగా ఏ పండో ముట్టుకున్న తడి వేలికి అంటుకుని ఉన్నా అంకె పెరుగుతుంది, చేతులు సబ్బుతో కడుక్కుని ఆరాకే పొడవాలి. ఒక్కరోజు రెండు అంకెలు చూసి నడకని నిందించకండి.

నడక వృథా కాలేదు. చెన్నైలో జరిగి 2006లో ఫలితాలు వెలువడిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో, ప్రీడయాబెటిస్ (షుగర్ జబ్బుకి ముందు దశ) ఉన్నవాళ్లు తిండి, నడక అలవాట్లు మార్చుకుంటే మధుమేహంలోకి జారే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువు పెద్దగా తగ్గకుండానే ఇది జరిగింది. మీరు నడవకపోయి ఉంటే ఇవాళ్టి 7.4 ఇంకా పైన ఉండేదనుకోవడానికి ఆస్కారం ఉంది. కానీ ఈ ఏడాదిలో మీ ఒంట్లో జరిగిన మార్పుకి నడక ఒక్కటే సరిపోలేదు.

ఆ మార్పు ఏమిటంటే, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఉన్నన్నాళ్లూ కొవ్వు తొడల్లో, పిరుదుల్లో చేరుతుంది. అది తగ్గాక పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరడం మొదలవుతుంది. అక్కడ చేరిన కొవ్వు ఇన్సులిన్ మాటని కాలేయం వినకుండా చేస్తుంది. అదే సమయంలో కండ కరుగుతుంది. కండ పోయి కొవ్వు వస్తే కాటా మీద అంకె పెద్దగా మారదు, జాకెట్టు, బొందు మాత్రం బిగుతవుతాయి. మీరు రాసింది అచ్చంగా ఇదే. మన వాళ్లలో ఆడవాళ్లకి నడుం కొలత 80 సెంటీమీటర్లు, అంటే సుమారు ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలి. బొడ్డు దగ్గర టేపు పెట్టి ఊపిరి వదిలాక కొలవండి. ఇకపై బరువు కన్నా ఈ కొలతనే నమ్మండి.

గర్భసంచి లేదు కాబట్టి నెలసరి ఆగడాన్ని బట్టి మెనోపాజ్ ఎప్పుడొచ్చిందో మీకు తెలిసే వీలు లేదు. పాత డిశ్చార్జి కాగితం తీసి అండాశయాలు కూడా తీశారా, ఉంచారా చూడండి. "బి.ఎస్.ఓ." అని రాసి ఉంటే రెండూ తీసినట్టు. అలా అయితే మీ ఎముకలు, గుండె 13 ఏళ్లుగా ఈస్ట్రోజెన్ లేకుండా ఉన్నాయి, ఎముకల సాంద్రత పరీక్ష గురించి వెంటనే అడగాలి. ఉంచినా, ఆపరేషన్ తర్వాత అండాశయాలు కొంత ముందుగానే పనిచేయడం మానేయవచ్చు.

నడక సరిపోకపోవడానికి కారణం కండలో ఉంది. తిన్నాక ఇన్సులిన్ ప్రేరణతో రక్తంలోంచి పోయే గ్లూకోజ్‌లో అత్యధిక భాగం కండలోకే వెళ్లాలి. కండ బలంగా బిగుసుకున్నప్పుడు ఇన్సులిన్ లేకపోయినా గ్లూకోజ్ లోపలికి వెళ్లే తలుపులు తెరుచుకుంటాయి. వ్యాయామం అయ్యాక కూడా ఒకటి రెండు రోజులు కండ ఇన్సులిన్ మాట బాగా వింటుంది. వరసగా రెండు రోజులకి మించి వ్యాయామం మానొద్దనడం ఇందుకే. నడక ఉన్న కండని వాడుకుంటుంది గానీ కొత్త కండని పెద్దగా పెంచదు. గంటన్నర నడిచినా అంతే. పైగా మీ మోకాలికి రెట్టింపు అడుగులు, మీ నిద్రకి ఇంకో ముప్పావు గంట కోత. నడక పెంచడం తప్పు కాదు, కానీ మీరున్న స్థితిలో పెట్టే శ్రమకి దక్కేది తక్కువ.

దానికి బదులు, నడక నిడివి అలాగే ఉంచి వేళ మార్చి చూడవచ్చు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన అధ్యయనంలో టైప్ 2 మధుమేహం ఉన్నవాళ్లని కొన్నాళ్లు రోజుకి ఒకేసారి 30 నిమిషాలు, కొన్నాళ్లు మూడు భోజనాల తర్వాత పదేసి నిమిషాలు నడిపించారు. మొత్తం నిమిషాలు ఒకటే. అయినా భోజనం తర్వాత నడిచినప్పుడు తిన్నాక పెరిగే షుగర్ సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం తక్కువ. మీరు రాత్రి తొమ్మిదింపావుకి అన్నం తిని పదింటికి పడుకుంటున్నారు. ఆ అన్నం తాలూకు షుగర్ నిద్రలో చాలాసేపు పైనే ఉండి, పొద్దున పరగడుపు అంకెలో కూడా కనిపించవచ్చు. ఉదయం 25 నిమిషాలు నడిచి, మిగతాది రాత్రి భోజనం తర్వాత నడిస్తే మీకు కొత్తగా పట్టే సమయం ఏమీ ఉండదు. వీధిలోకి వెళ్లడం కుదరకపోతే డాబా మీదో, హాల్లోనో అటూ ఇటూ నడిచినా చాలు. మధ్యాహ్నం ఆఫీసు వరండాలో పది నిమిషాలు కుదిరితే మరీ మంచిది. కుర్చీలో వరసగా అరగంటకి మించి ఉండకుండా లేచి నిలబడి పదిసార్లు మడమలెత్తడం కూడా లెక్కలోకి వస్తుంది.

ఇక కండ పెంచడం. "గర్భసంచి తీసినవాళ్లు బిందె ఎత్తకూడదు" అన్న మాట మన ఇళ్లలో ఆపరేషన్ రోజు నుంచి చచ్చేదాకా వర్తిస్తుందనుకుంటారు. లోపలి కుట్లు మానేదాకా, అంటే ఆరు వారాల నుంచి మూడు నెలల వరకు పెట్టే ఆంక్ష అది. మీకు 13 ఏళ్లయింది. మీ వారి భయాన్ని కొట్టిపారేయకుండా ఇది చెప్పండి. అయితే కింద ఏదో జారుతున్నట్టు, బరువుగా ఉన్నట్టు అనిపిస్తే మాత్రం ముందు గైనకాలజిస్టుకి చూపించుకోవాలి.

ఇంట్లో చేయాలనుకుంటే గోడకి ఆనించిన గట్టి కుర్చీ, లీటరు నీళ్ల సీసాలు రెండు, ఒక రబ్బరు వ్యాయామ బ్యాండ్, రెండు గుడ్డ సంచులు చాలు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, 20-25 నిమిషాలు.

మొదటిది కుర్చీలోంచి లేవడం. పాదాలు భుజాలంత ఎడంగా, మడమలు కాస్త వెనక్కి పెట్టి, ఛాతీ ముందుకు వంచి, చేతుల ఊతం లేకుండా లేవండి. కూర్చునేటప్పుడు మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా దిగండి. ధబాలున కూలబడితే సగం లాభం పోతుంది, మోకాలికి దెబ్బ కూడా. కుడి మోకాలు నొప్పి పెడితే సీటు మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. తొడ ముందు కండ బలపడే కొద్దీ మోకాలి మీద భారం తగ్గుతుంది, అప్పుడు దిండు తీసేయవచ్చు. పన్నెండుసార్లు తేలికైపోతే నీళ్ల సీసా ఛాతీకి హత్తుకుని లేవండి.

రెండోది గోడని నెట్టడం. గోడకి చేయి చాపు దూరంలో నిలబడి, అరచేతులు ఛాతీ ఎత్తున ఆనించి, మోచేతులు మడుస్తూ గోడ దగ్గరికి వెళ్లి వెనక్కి నెట్టుకోవాలి. తేలికైతే వంటింటి గట్టు మీద. షుగర్ ఉన్నవాళ్లకి భుజం పట్టేయడం ఎక్కువ కాబట్టి, చెయ్యి పైకి లేవకుండా పట్టేసినట్టుంటే తలపైకి ఎత్తే వ్యాయామాల జోలికి పోవద్దు. మూడోది లాగడం. కిటికీ చువ్వలకి బ్యాండ్ చుట్టి, రెండు కొసలు పట్టుకుని, మోచేతులు పక్కటెముకలకి రాసుకుంటూ వెనక్కి లాగాలి. కూర్చుని పనిచేసేవాళ్లకి వంగిపోయే వీపుని ఇది నిలబెడుతుంది. నాలుగోది వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం, పిరుదులు పైకెత్తి మూడు లెక్కపెట్టి దించడం. ఐదోది గట్టు పట్టుకుని మడమలెత్తడం. చివరగా, రెండు సంచుల్లో రెండేసి కిలోల బియ్యం పోసి, రెండు చేతులతో పట్టుకుని నిటారుగా 30 సెకన్లు హాల్లో నడవడం.

మొదటి రెండు వారాలూ ఒక్కోటి 8 నుంచి 10 సార్లు, ఒక్క విడతే. మూడో వారం నుంచి రెండు విడతలు. చివరి రెండు మూడుసార్లు కష్టంగా అనిపించాలి. పదిహేనుసార్లు అలవోకగా చేసేస్తున్నారంటే కండకి పని చాలడం లేదని, బరువు పెంచాలని అర్థం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అదే లీటరు సీసాతో ఆర్నెల్లు చేసి "నాకేం లాభం లేదు" అంటారు. ఇంటి పని వ్యాయామం కాదా అని మీరడిగిన దానికి జవాబు కూడా ఇదే. అంట్లు తోమడం, ఊడవడం మిమ్మల్ని కదిలిస్తాయి, మంచిదే. కానీ ఆ భారం నెలనెలా పెరగదు కదా, కండకి పెరగడానికి కారణం దొరకదు.

లేచేటప్పుడు, నెట్టేటప్పుడు ఊపిరి వదలండి. బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. కంటి రెటీనాలో షుగర్ వల్ల కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే ఆ ఒత్తిడికి చిట్లవచ్చు. కళ్ల డాక్టర్ దగ్గరికి కళ్లజోడు కోసమే వెళ్లానని రాశారు. అది కాదు, కంట్లో చుక్కలు వేసి రెటీనా చూసే పరీక్ష కావాలి. టైప్ 2 షుగర్ బయటపడిన రోజే చేయించాల్సింది అది. బరువు పెంచేముందు చేయించుకోండి. మరునాడు, ఆ మరునాడు కండలు నొప్పులు పుట్టడం మామూలే. కీలు వాచినా, నొప్పి గంటల తరబడి తగ్గకపోయినా ఆ వ్యాయామం తగ్గించాలి. కొద్దిపాటి శ్రమకే ఆయాసం, దవడలోనో వీపులోనో ఛాతీలోనో పట్టేసినట్టు ఉండడం, వికారం వస్తే అది గ్యాస్ అని ఊరుకోవద్దు. ఆడవాళ్లలో గుండె జబ్బు ఇలా కూడా కనిపిస్తుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మూత్రం జారడం గురించి మీరు రాయడం మంచిదైంది. ఈ ఒక్క కారణంతో వ్యాయామం మానేసి అసలు సంగతి ఎవరికీ చెప్పని ఆడవాళ్లు ఎంతోమంది. మూత్రాన్ని, గాలిని ఆపుకున్నట్టు కింది కండరాలని లోపలికి, పైకి బిగించి ఐదు సెకన్లు ఉంచి వదలండి. విడతకి 8 నుంచి 10 సార్లు, రోజుకి మూడు విడతలు. పొట్ట, తొడలు బిగించకూడదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయకండి. ఫలితం తెలియడానికి మూడు నెలలు పడుతుంది. కుర్చీలోంచి లేచే ముందు క్షణం బిగించి, ఊపిరి వదులుతూ లేవడం అలవాటు చేసుకుంటే అప్పుడు జారడం తగ్గుతుంది. గెంతే వ్యాయామాలు మీకిప్పుడు అక్కర్లేదు.

జిమ్ సంగతికొస్తే, అమ్మాయి సలహా చెడ్డదేం కాదు. యంత్రాల మీద బరువు కొలిచి పెంచడం తేలిక, చూసి సరిదిద్దే మనిషి ఉంటాడు. కానీ మీ సాయంత్రం గంటన్నర పోతుంది, అత్తగారి దగ్గర ఎవరుండాలో ముందే తేల్చుకోవాలి. చేరితే మొదటి రోజే షుగర్ మాత్ర, మోకాలు, ఆపరేషన్ గురించి చెప్పండి. అవేమీ అడగకుండా గెంతులు, పడుకుని పైకి లేచే పొట్ట వ్యాయామాలు చేయించే చోటైతే వద్దు. ఎముకలు పలచబడి ఉంటే నడుం ముందుకి గట్టిగా వంచే పని వెన్నుపూసకి ప్రమాదం.

మాత్రలతోనే సరిపెట్టుకోవడం కూడా ఒక దారే. షుగర్ అంకె తగ్గవచ్చు. అయితే గ్లిమెపిరైడ్ మోతాదు పెరిగే కొద్దీ బరువు పెరగడం, షుగర్ పడిపోవడం ఎక్కువవుతాయి. కండకి, ఎముకకి మాత్ర ఏమీ చేయదు. అత్తగారి ఆరోగ్యం బాగాలేక ఏ వారమైనా ఇదే కుదిరితే, రాత్రి నడక ఒక్కటి వదలకండి, మిగతావి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఆవిర్లకి హార్మోన్ మాత్రలు వాడవచ్చా అన్నది గైనకాలజిస్టుతో మాట్లాడాల్సిన విషయం. షుగర్ కోసం మాత్రం వాటిని వాడరు.

నిద్ర గురించి ఒక మాట. చెమటలతో రాత్రి రెండుసార్లు లేచి, ఐదింటికే అలారం పెట్టుకుంటున్నారు. నిద్ర తక్కువైతే ఇన్సులిన్ పని తగ్గుతుంది. రాత్రి సరిగా పట్టని రోజు ఉదయం నడక మానేసి పడుకోవడం బద్ధకం కాదు.

తిండిలో ఒక్కటే చూడండి. కండ పెరగాలంటే ప్రోటీన్ కావాలి. మీ బరువుకి రోజుకి 60 గ్రాముల దాకా అవసరం. కోడిగుడ్డులో 6 గ్రాములు, గుప్పెడు వేరుశెనగపప్పులో 7 దాకా, గిన్నెడు పప్పులో కూడా సుమారు అంతే. రెండు ఇడ్లీలు, చట్నీతో ఆ లెక్క చేరదు. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువుంటే డాక్టర్ని అడిగాకే పెంచాలి. షుగర్‌కి మంచిదని మీరు తాగుతున్న రాగి జావ పిండిగా ఆడించి ఉడికించినది కాబట్టి త్వరగా అరిగి షుగర్‌ని పెంచుతుంది. తాగాక గంటన్నరకి ఒకసారి పరీక్షించుకుని మీరే తేల్చుకోండి.

ఏది ఎంచుకున్నా మూడు నెలలు చేశాకే హెచ్‌బీఏ1సీ చూడండి, అది గత రెండు మూడు నెలల సగటు. క్రమం తప్పని వ్యాయామంతో సగటున 0.5 నుంచి 0.7 వరకు తగ్గవచ్చు. మీకు 7.4 కాస్తా 7కి కొంచెం కిందికి రావచ్చు. ఈలోగా వారానికి రెండు రోజులు రాత్రి భోజనానికి ముందు, తర్వాత రెండు గంటలకి షుగర్ చూసి పుస్తకంలో రాయండి. ఒకరోజు నడిచి, ఒకరోజు నడవకుండా, తిండి మాత్రం ఒకేలా ఉండాలి. ఆ పుస్తకమే డాక్టరుకి చూపించండి.

ఈ వారం మాత్ర వేళ, రెటీనా పరీక్ష ఈ రెండూ చూసుకోండి. వచ్చే సోమవారం కుర్చీ గోడకి ఆనించండి. రాత్రి తిన్నాక ఆ ఇరవై నిమిషాలు ఎలా దొరుకుతాయంటారా? ఆ వేళకి గిన్నెలు సర్ది, అత్తగారికి మందులిచ్చే పని మీ వారికి అప్పగించి చూడండి.